ఇప్పచెట్ల కింద ఎలుగుల జాడ

శుక్రవారం, హనుమకొండ

ఏప్రిల్ మొదటివారం. పొద్దున తొమ్మిదికే ఎండ చుర్రుమంటోంది. ములుగు అడవుల్లో ఇప్పపువ్వు రాలే రోజులివి. అడవి అంచు ఊళ్లలో మనుషులూ ఎలుగుబంట్లూ ఒకే చెట్టు కిందికి వచ్చే రోజులూ ఇవే. ఆ ఊళ్లవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారో చూడాలని బయల్దేరాను. "ఊళ్లు చూసి రా, ఎలుగును వెతుక్కుంటూ పోకు" అని మా ఆవిడ షరతు పెట్టి, తన తమ్ముణ్ని వెంట పంపింది. తోడుగానో నిఘాకో నాకు తేలలేదు. కారు వాడిది, కెమెరా వాడిది, ఉషారు కూడా వాడిదే.

అడవికి పోయేముందు హంటర్ రోడ్డులోని కాకతీయ జూకి వెళ్లాం. ఎలుగు ఒళ్లు నిదానంగా చూడాలంటే అంతకన్నా క్షేమమైన చోటు లేదు. లేత రంగు మూతి, ఛాతీ మీద తెల్లటి వంపు గీత, చిందరవందర నల్ల జుట్టు. ముందుకాళ్ల గోళ్లు మన వేలంత పొడవు. పై వరసలో నడిమి రెండు పళ్లు ఉండవు. ఆ సందులో నుంచే చెదలను పీల్చుకుంటుంది. పుట్ట తవ్వేటప్పుడు మట్టి పోకుండా ముక్కు రంధ్రాలు మూసుకోగలదు. బాగా ఎదిగిన మగది 140 కిలోల దాకా తూగుతుంది.

"బావా, టెడ్డీబేర్ లెక్క ఉంది గదా" అన్నాడు మా బామ్మర్ది. పక్కన ఒక పిల్లాడు పాప్‌కార్న్ విసరబోతుంటే వాళ్ల నాన్న ఆపకపోగా ఫోన్ తీసి పట్టుకున్నాడు. జూ మనిషి ఒకాయన విజిల్ వేసి కసురుకున్నాడు. మిగతా జూ అంతా ఎండకు భయపడి పైపైన చూసేసి ఇంటికి వచ్చేశాం.

శనివారం, పాండవుల గుట్ట

రేగొండ మండలంలో పాండవుల గుట్టలున్నాయి. వరంగల్ చుట్టూ కనిపించే గుండ్రటి నల్లరాయి గుండ్లు కావివి, ఇసుకరాయి గోడలు. నిలువుగా లేచి, మధ్యమధ్య చీలి, లోపల గుహలు పెట్టుకుని ఉంటాయి. ఆ గుహల గోడల మీద ఆదిమానవులు ఎరుపు, తెలుపు, పసుపు రంగుల్లో వేసిన బొమ్మలున్నాయి. జింకలు, అడవిదున్నలు, విల్లంబులు. బొమ్మల కోసం వచ్చేవాళ్లు కొందరైతే తాళ్లు కట్టుకుని బండలెక్కడానికి వచ్చే కుర్రాళ్లు ఇంకొందరు.

మాతో వచ్చిన స్థానికుడు యాభై దాటిన మనిషి. చేతిలో వెదురు కర్ర. దారి పొడుగునా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు, మాటలు అయిపోతే దగ్గాడు, దగ్గు కూడా రాకపోతే కర్రతో బండ మీద టకటకా కొట్టాడు. "ఎందుకు కాకా ఇంత సప్పుడు?" అని మావాడు అడిగితే "మనం వస్తున్నమని చెప్పాలె గదా" అన్నాడు. ఎవరికి చెప్పాలో వేరే అడగనక్కర్లేకపోయింది.

దారి పక్కన ఒక చెదపుట్ట మోకాలి లోతు తవ్వి ఉంది. మట్టి ఇంకా తడారలేదు. కొంచెం ముందు పెంట. కర్రతో విడదీసి చూపించాడు, నిండా తునికి గింజలే. ఎలుగుకు చూపు, వినికిడి అంత గొప్పవి కావు, ముక్కు మాత్రం చాలా గట్టిది. పుట్టలో మూతి పెట్టి చెదలు పీల్చేటప్పుడు వచ్చే శబ్దం వంద మీటర్ల అవతలికి వినపడుతుంది. ఆ రొదలో దానికి మన అడుగుల చప్పుడు వినపడదు. గాలి ఎదురుగా ఉంటే మన వాసనా అందదు. తల ఎత్తేసరికి మనిషి పది అడుగుల్లో నిలబడి ఉంటాడు. దాడుల్లో ఎక్కువ భాగం అలా జరిగేవే. వేటాడి తినే ఉద్దేశం అందులో ఉండదు, ఉలికిపాటు ఉంటుంది.

ఉలిక్కిపడితే పారిపోవచ్చు కదా, మీదికెందుకు రావాలి? పులులతో, చిరుతలతో ఒకే అడవిలో వేల తరాలు బతికిన జంతువు ఇది. చెట్టెక్కి తప్పించుకుందామంటే చిరుత కూడా ఎక్కుతుంది. అందుకే తల్లి ఎలుగు పిల్లల్ని చెట్టెక్కించదు, వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది. ప్రమాదమనిపిస్తే రెండు కాళ్ల మీద లేచి అరుస్తూ ఎదురెళ్లడమే దానికి తెలిసిన రక్షణ. పులి ముందు పనికొచ్చిన ఆ పద్ధతే మన ముందూ వాడుతుంది. అది లేచి నిలబడితే దాని పంజా, మన మొహం ఒకే ఎత్తులో ఉంటాయి. ఎలుగు బారిన పడి బతికినవాళ్ల గాయాలు ఎక్కువగా తల మీద, కళ్ల మీద ఉండడానికి కారణం అదే.

ఒక గుహ ముందు కాకా మమ్మల్ని ఆపాడు. మావాడు అప్పటికే ఫోన్ టార్చ్ వేసుకుని ఉన్నాడు. ఎండాకాలం పగటిపూట ఎలుగు పడుకునేది చల్లటి గుహల్లోనే. కాకా దూరం నుంచే అరిచాడు, బండ మీద కర్రతో కొట్టాడు, బీడీ వెలిగించుకుని కాల్చినంతసేపు ఆగాడు. ఆ తర్వాత కూడా లోపలికి మమ్మల్ని పోనివ్వలేదు, బయటి గోడ మీదున్న బొమ్మలు చూపించి చాలన్నాడు. "లోపట ఇంకా మంచిగున్నయంట గదా" అని మావాడు గునిశాడు. "ఉన్నయ్. ఉండనీ" అన్నాడు కాకా.

సాయంత్రానికి ములుగు దాటి తాడ్వాయి వైపు వెళ్లాం. రామప్ప దారిలోనే ఉన్నా ఆగలేదు. ఆ గుడికి ఒక పూట చాలదని నా పట్టుదల. తాడ్వాయి దాటాక 2024 ఆగస్టు చివర్లో వచ్చిన సుడిగాలికి వేలాది చెట్లు కూలిన అడవి కొంత కనపడింది. మావాడు కారు ఆపుదామన్నాడు గానీ చీకటి పడుతోంది.

ఆదివారం, ఏటూరునాగారం అడవి అంచు

మా మామగారికి తెలిసినవాళ్ల ఇంట్లో రాత్రి పడుకున్నాం. మబ్బులనే, నాలుగున్నరకు, ఆ ఇంటి పెద్దమ్మ లేపింది. ఇప్పపువ్వు రాత్రంతా రాలుతుంది. తెల్లారి ఎండ తగిలితే వాడిపోతుంది, పశువులు తినేస్తాయి. అందుకే పొద్దు పొడవకముందే ఏరుకోవాలి. ఎండబెట్టి గిరిజన సహకార సంస్థకు గానీ సంతలో గానీ అమ్ముతారు. ఆ పువ్వు తియ్యగా ఉంటుంది. ఎలుగుకు ప్రాణం. అదీ రాత్రంతా ఆ చెట్ల కిందే తిరిగి, సరిగ్గా మనుషులు వచ్చే వేళకే గుట్టకు మళ్లుతుంది. ఇద్దరి టైమూ కలిసేది ఆ అరగంటలోనే.

ఆరుగురు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు, మేమిద్దరం. ఎవరూ ఒంటరిగా కదల్లేదు. చెట్టుకు ఇంకా దూరం ఉండగానే ఒకామె గట్టిగా పేర్లు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. పిలిచిన వాళ్లందరూ ఆమె పక్కనే ఉన్నారు. ఒకాయన ఖాళీ రేకు డబ్బా వాయించాడు. చెట్టు దగ్గరికి వచ్చాక వెంటనే కూర్చుని ఏరలేదు. టార్చ్ చుట్టూ తిప్పి, పొదల వైపు రెండు రాళ్లు వేసి, అప్పుడు గంపలు దించారు. ఏరేటప్పుడు మనిషి వంగి ఉంటాడు, తల కిందికి ఉంటుంది, చుట్టూ కనపడదు. అందుకని ఎప్పుడూ ఒకరు నిలబడే ఉన్నారు. వంతులవారీగా.

"ఎన్నిసార్లు చూసినవ్ పెద్దమ్మా?" అని మావాడు అడిగాడు.

"లెక్క పెడితిమా బిడ్డా. మొన్న కూడా అగో ఆ పొదలకాడ ఉండె. మేం ఆగినం. అది తిని పోయింది. మేం ఏరుకున్నం."

"భయం కాలేదా?"

"ఎందుకు కాదు? భయమయ్యే ఆగినం."

ఎలుగుతో కలిసిమెలిసి బతకడం అని మనం పట్నంలో కూర్చుని ముచ్చటగా చెప్పుకుంటాం. ఆ చెట్టు కింద కలవడం గానీ మెలగడం గానీ నాకు కనపడలేదు. ఒకరి వేళకు ఇంకొకరు అడ్డం రాకుండా తప్పుకోవడం కనపడింది. ఆ తప్పుకోవడంలో పొత్తు లేదు, పగ కూడా పెద్దగా లేదు.

అన్నిసార్లూ తప్పుకోవడం కుదరదు. మధ్యాహ్నం వేపచెట్టు కింద ఒకాయన్ను కలిశాం. తల మీద తువ్వాల తియ్యకుండానే మాట్లాడాడు. ఎడమ కన్ను లేదు, ఆ వైపు చెంప లోపలికి లాక్కుపోయి ఉంది. తునికాకు సీజన్లో జరిగింది. ఆకు కోతకు మేలో అడవికి పోతారు. యాభై ఆకులకు ఒక కట్ట, కట్టల లెక్కన కల్లం దగ్గర డబ్బు. ఎన్ని ఎక్కువ కట్టలు కడితే అంత. మంచి ఆకు దొరికిందని జట్టును వదిలి వాగు దాటి లోపలికి పోయాడు. వంగి కోస్తుంటే ముందు పిల్ల అరిచింది, వెనక నుంచి తల్లి వచ్చింది.

"ఉరకాలని సూసిన. రెండడుగులు పోలే. ఎనక నుంచి తల మీద కొట్టింది. తర్వాత నాకేం ఎరుక లేదు." జట్టువాళ్లు కేకలు వేసి వచ్చేసరికి వదిలేసి పోయింది. మంచం మీద రోడ్డు దాకా, అక్కడి నుంచి వరంగల్ పెద్దాసుపత్రికి. ఆయనకు ఎలుగు మీద జాలేమీ లేదు. "సంపినా నాకు రంది లేదు సారూ" అన్నాడు సూటిగా. నేను మారుమాట్లాడలేదు. ఎలుగు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న రక్షిత జంతువని ఆయనకు నేను చెప్పబోతే అంతకన్నా అసహ్యం ఉండదు.

పరుగెత్తకూడదు అని తెలిసినవాళ్లు చెప్తారు. మనకన్నా అది వేగంగా పరుగెత్తుతుంది. దూరంగా కనపడితే దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి జరగాలి, తల్లికీ పిల్లలకూ మధ్యలో పడకూడదు. మీద పడిందంటే బోర్లా పడుకుని మొహం నేలకేసి, రెండు చేతుల వేళ్లు మెడ వెనక పెనవేసి కదలకుండా ఉండాలి. మొహం, మెడ దక్కితే ప్రాణం దక్కే అవకాశం ఎక్కువ. ఇదంతా మంచం మీద కూర్చుని రాయడం తేలికే.

రాత్రి వాకిట్లో మంచాలేసుకున్నాక మావాడు ఫోన్లో వీడియో చూపించాడు. ఛత్తీస్‌గఢ్‌లో మహాసముంద్ జిల్లా ఘుంచాపాలీ చండీమాత గుడి. సాయంత్రం ఎలుగులు గుట్ట దిగి గుడిలోకి వస్తాయి, భక్తులు చేత్తో ప్రసాదం, బిస్కెట్లు తినిపిస్తారు, పక్కన నిలబడి సెల్ఫీలు. "చూడు బావా, ఏం అంటలేవు. మనం మంచిగుంటే అవీ మంచిగుంటయ్. ఏండ్ల నుంచి నడుస్తుందట."

ఏండ్ల నుంచి నడవడం అనే మాటకే నాకు ట్రెడ్‌వెల్ గుర్తుకొచ్చాడు. తిమోతీ ట్రెడ్‌వెల్ అనే అమెరికన్ అలాస్కాలోని కట్మై నేషనల్ పార్క్‌లో పదమూడు ఎండాకాలాలు గోధుమరంగు ఎలుగుల మధ్య గుడారం వేసుకుని గడిపాడు. మన ఎలుగుకు మూడింతలు, నాలుగింతలుండే జంతువులవి. వాటికి ముద్దుపేర్లు పెట్టాడు, పాటలు పాడాడు, కొన్నిటిని చేత్తో తాకాడు. వేటగాళ్ల నుంచి వాటిని తనే కాపాడుతున్నానని నమ్మాడు. పార్కు వాళ్లు హెచ్చరించినా వినలేదు. పన్నెండేళ్లు ఏమీ కాలేదు. 2003లో మామూలుగా వెళ్లిపోయే రోజులు దాటాక కూడా అక్కడే ఉన్నాడు. శీతాకాలం ముందు ఎలుగులు ఒళ్లు పెంచుకోవడానికి ఆబగా తినే కాలం అది. తనకు అలవాటైన ఎలుగులు కొన్ని అప్పటికే వెళ్లిపోయి, కొత్తవి వచ్చాయి. అక్టోబర్ మొదటివారంలో అతన్నీ, అతనితో ఉన్న అమీ హ్యూగెనార్డ్‌నూ ఒక ఎలుగు చంపి తినేసింది. వాళ్లను తీసుకెళ్లడానికి వచ్చిన చిన్న విమానం పైలట్ ముందుగా కనిపెట్టాడు. శవాల కోసం వచ్చిన రేంజర్లు రెండు ఎలుగుల్ని కాల్చి చంపాల్సి వచ్చింది. ఆ పార్కు చరిత్రలో ఎలుగు మనిషిని చంపడం అదే మొదటిసారి. కాపాడతానని వచ్చిన మనిషి వల్లే రెండు ఎలుగులు చచ్చాయి.

మావాడు కాసేపు ఏమీ అనలేదు. "ఆయన పిచ్చోడు కావచ్చు బావా" అన్నాడు చివరికి.

అందుకని హోషినో సంగతి కూడా చెప్పాను. మిచియో హోషినో జపాన్ ఫొటోగ్రాఫర్. ఎలుగుల్ని తీయడంలో ప్రపంచమంతా మెచ్చుకున్న మనిషి, వాటి మర్యాద తెలిసినవాడు. 1996 ఆగస్టులో ఒక టీవీ బృందంతో రష్యాలోని కంచత్కాకు వెళ్లాడు. కురిల్ సరస్సు ఒడ్డున తోటివాళ్లు చెక్క ఇంట్లో పడుకుంటే తను గుడారంలో పడుకున్నాడు. రాత్రి ఎలుగు వచ్చి ఈడ్చుకుపోయింది. మనుషులు పెట్టే తిండి రుచి మరిగిన ఎలుగది. హోషినో ఏ తప్పూ చెయ్యలేదనను, గుడారం తప్పే. కానీ దానికి మనిషి వాసనను తిండి వాసనగా నేర్పిన చేతులు వేరే ఎవరివో. ఘుంచాపాలీలో బిస్కెట్ పెట్టినవాడు క్షేమంగానే ఇంటికి పోతాడు. ఆ ఎలుగు రేపు ఏ ఊరి పొయ్యి దగ్గరికో పోతే అక్కడుండేది వాడు కాదు.

మన దగ్గర ఎలుగును మచ్చిక జంతువు అనుకోవడానికి ఇంకో పాత కారణం కూడా ఉంది. నా చిన్నప్పుడు ఎలుగును ఆడించేవాళ్లు వాడకట్టులోకి వచ్చేవాళ్లు. జడుసుకున్న పిల్లల్ని దాని మీద కూర్చోబెట్టేవారు, భయం పోతుందని. దాని వెంట్రుక తాయెత్తులో పెట్టి మొలకు కట్టేవారు. నన్ను కూడా కూర్చోబెట్టారట, ఏడ్చి గోల చేశానట. ఆ ఎలుగు ఎందుకంత నెమ్మదిగా ఉండేదో చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. పిల్లగా ఉన్నప్పుడే తల్లిని చంపి పట్టుకొచ్చేవారు, పళ్లు పీకేసేవారు, ముక్కుకు కాల్చిన ఇనుపకడ్డీతో బొక్క చేసి తాడు దూర్చేవారు. దేశంలో ఆ ఆట 2009 నాటికి దాదాపు ఆగిపోయింది. ఎలుగు సాధుజంతువనే మన నమ్మకంలో కొంత ఆ పళ్లులేని నోటి నుంచి వచ్చిందే.

పెద్దమ్మ ఇదంతా వింటూ వక్క కత్తిరిస్తోంది. "ఆ అమెరికాయన ఆడ ఏం ఏరుకునేటందుకు పోయిండు?" అని అడిగింది. ఏరుకోవడానికి ఏమీ లేదని చెప్తే ఆమెకు ఎంతకీ నమ్మకం కుదరలేదు.

సోమవారం, కరీంనగర్ వైపు

పరకాల, హుజూరాబాద్ మీదుగా కరీంనగర్ జిల్లాకు. ఇక్కడ దట్టమైన అడవి లేదు, పొలాల మధ్య విడివిడి రాతిగుట్టలు. గుండు మీద గుండు పేర్చుకుని ఉండే ఈ గుట్టల సందుల్లో చల్లగా ఉంటుంది, వానాకాలం కాస్త నీళ్లు నిలుస్తాయి, చుట్టూ సీతాఫలం చెట్లు, రేగు కంపలు. ఎలుగుకు ఇంకేం కావాలి. కానీ ఆ రాయే 'టాన్ బ్రౌన్' పేరుతో విదేశాలకు పోయే గ్రానైటు. గుట్టలకు గుట్టలు సగానికి కోసి ఉన్నాయి, పక్కన లారీల వరస. పేలుళ్లకు, మిషన్ల రొదకు ఎలుగు ఒక గుట్ట వదిలి ఇంకో గుట్టకు పోతుంది. మధ్యలో మక్కచేను, పల్లిచేను, ఊరు. 2023లో ఒక ఎలుగు కరీంనగర్ అంచున రేకుర్తి ఇళ్ల మధ్యకే వచ్చేసింది. మత్తు ఇచ్చి పట్టుకున్నారు. ములుగులో మనుషులు ఎలుగు ఇంటికి పోతుంటే, ఇక్కడ ఇల్లు పోయిన ఎలుగు మనుషుల దగ్గరికి వస్తోంది. నన్నడిగితే ఇదే ఎక్కువ ప్రమాదం. ములుగు పెద్దమ్మకు అది వచ్చే వేళ తెలుసు, చోటు తెలుసు. కరీంనగర్ కాలనీలో చెత్త పారెయ్యడానికి బయటికి వచ్చినామెకు అవేవీ తెలియవు.

క్వారీకి దగ్గర్లోనే ఒక రైతు మక్కకంకులు ఒలుస్తుంటే మాట కలిపాం. రాత్రి కావలి మానేశాడు. అంతకుముందు మంచె మీద పడుకునేవాడు. ఇప్పుడు పొద్దు గూకకముందే పని ముగించుకుని ఇంటికి పోతున్నాడు, పంట కొంత పోతే పోయిందని. పక్క రైతు పందుల కోసం కరెంటు తీగ పెట్టాడట. ఆ తీగకు పంది పడుతుందా, ఎలుగు పడుతుందా, నీళ్లు పెట్టడానికి పోయిన మనిషి పడతాడా ఎవరూ చెప్పలేరు. దాని మీద ఇద్దరికీ మాటల్లేవు.

మావాడు కెమెరా తీశాడు. "అన్నా, అది ఏ గుట్ట నుంచి వస్తది? పిల్లలు కూడా ఉన్నయా?"

రైతు కంకి ఒలవడం ఆపి వాడి వైపు, కెమెరా వైపు చూశాడు. "ఉన్నయ్. ఏ గుట్టో చెప్ప."

"ఎందుకన్నా?"

"పోయినేడు ఒగలకు చెప్పిన. ఎల్లుండికి పది బండ్లొచ్చినయ్. ఒగడు పుచ్చకాయ పట్టుకొచ్చిండు, దానికి పెడ్తనని. నువ్వు పుచ్చకాయ పెట్టి పట్నం పోతవ్. మల్ల నేను చేన్ల కాలు పెడితే అది నన్ను పుచ్చకాయేదని అడగదా?"

మావాడు నవ్వాడు, ఆయన నవ్వలేదు. టైం ఐదు దాటింది. ఒలిచిన కంకులు సంచికెత్తి, సైకిల్ వెనక కట్టి, మేము కారెక్కేదాకా నిలబడి మమ్మల్ని పంపించాకే కదిలాడు.

వాడు తీసిన వీడియోలో రైతు వెనక గుట్ట కనపడుతుంది. కోసేసిన సగం, మిగిలిన సగం. ఆ వైపు తిరిగేవాళ్లెవరైనా ఇట్టే గుర్తుపడతారు. మంచి షాటు బావా, పెడితే మస్తు చూస్తారు అని హుజూరాబాద్ దాకా వాదించాడు. గుట్టను కత్తిరించి పెట్టుకోమన్నాను. కత్తిరిస్తే ఇంకేముంది అందులో, మక్కకంకులు తప్ప, అన్నాడు. హనుమకొండ చేరాక వాళ్లక్క రైతు మాటలన్నీ రెండుసార్లు చెప్పించుకుని వింది, ఫోన్ తీసుకుని ఆ వీడియో తీసేసింది.